20:1 గేర్‌బాక్స్: బరువుకో నిష్పత్తి, జడత్వానికో నిష్పత్తి, పుస్తకానికో నిష్పత్తి. ఏది నమ్మాలి?

పళ్ళచక్రం
రెండు స్టేజీల (రెండు గేరు జతల) హెలికల్ (ఏటవాలు పళ్ళ) గేర్‌బాక్స్. మొత్తం నిష్పత్తి 20 (మోటారు 20 చుట్లు తిరిగితే బయటికి ఒక చుట్టు). సర్వో మోటారు (చెప్పిన చోటికి కచ్చితంగా తిరిగి ఆగేది) 3000 ఆర్‌పీఎం, టార్క్ (తిప్పే బలం) 6 న్యూటన్ మీటర్లు. తిప్పేది ఒక మెషీన్ చెయ్యి కాబట్టి ఆగడం, మొదలవడం, వెనక్కి తిరగడం రోజంతా ఉంటుంది. ఈ 20ని రెండు స్టేజీలకి ఎలా పంచాలన్నదే నా గొడవ. పుస్తకం వర్గమూలం తీసి చెరిసగం పంచమంటుంది: 4.47, 4.47. నేను రాసుకున్న ఆప్టిమైజేషన్ స్క్రిప్టు మొదటి స్టేజీకి 5.5, రెండోదానికి 3.64 ఇస్తోంది. కంట్రోల్స్ చూసే కొలీగ్ మొదటిది 3, రెండోది 6.6 పెట్టమని పట్టుబట్టాడు, లేకపోతే మోటారు ఆ జడత్వాన్ని లాగలేక చస్తుందట. మేనేజర్ గారికి బరువు తగ్గాలి, చప్పుడు రాకూడదు, వేడెక్కకూడదు, ఎప్పటికీ అరగకూడదు. అందరూ లెక్కలు చూపించే మాట్లాడుతున్నారు. ఇందులో ఎవరిది తప్పు?

బేరింగ్‌బాబాయ్
ఎవరిదీ తప్పు కాదు. ముగ్గురూ మూడు వేర్వేరు ప్రశ్నలకి జవాబు చెప్తున్నారు. నీ ప్రశ్న ఏమిటో నువ్వే ఇంకా చెప్పలేదు.

గ్రీజుచేతులు
మేనేజర్ గారి కోరికల చిట్టాలో "ఊరికే వచ్చెయ్యాలి" అనేది ఒక్కటే తక్కువ.

లెక్కలమాస్టర్
5.5 ఎక్కడిదో చెప్తాను. పంటి ఉపరితలం పిట్టింగ్‌కి (గుంటలు పడటానికి) ఓర్చుకోవాలంటే పినియన్ (జతలో చిన్న చక్రం) వ్యాసం వర్గాన్ని వెడల్పుతో గుణిస్తే వచ్చేది ఆ షాఫ్టు మీది టార్క్‌కి తగ్గట్టు పెరగాలి. దానికి (నిష్పత్తి + 1) ÷ నిష్పత్తి అనే గుణకం తోడవుతుంది. గేరు (జతలో పెద్ద చక్రం) ఘనపరిమాణం పినియన్‌ది ఇంటూ నిష్పత్తి వర్గం. మధ్య షాఫ్టు మీద టార్క్ మొదటి నిష్పత్తి మేరకు పెరుగుతుంది కాబట్టి రెండో స్టేజీ ఎప్పుడూ బరువైనదే. దాని నిష్పత్తి తగ్గించి, తేలిక టార్క్ ఉన్న మొదటి స్టేజీతో ఎక్కువ పని చేయిస్తే మొత్తం బరువు తగ్గుతుంది.

మొత్తం 20కి నేను వేసిన సాపేక్ష ఘనపరిమాణాలు ఇవి. మొదటి నిష్పత్తి 3.05 అయితే 168. 4.47 అయితే 140.6. 5కి 137.5. 5.5కి 136.7. 6కి 137.6.

5.5 దగ్గర కనిష్ఠం వస్తున్న మాట నిజమే. కానీ ఆ అడుగు ఎంత బల్లపరుపుగా ఉందో చూడండి. 5 నుంచి 6 వరకు ఎక్కడ పెట్టినా ఒక్క శాతం కూడా తేడా రాదు. చెరిసగం పంచినా 3 శాతమే నష్టం. స్క్రిప్టు 5.5 అన్నదని దాన్ని శిలాశాసనంలా పట్టుకోకండి. ఆ అడుగులో అటూ ఇటూ జరిగే చోటుంది, దాన్ని మిగతా అవసరాలకి వాడుకోవాలి.

ఆటో_ఆది
మాస్టారూ, ఇది కన్వేయర్ గేర్‌బాక్స్ కాదు, సర్వో. స్థిరంగా తిరిగేటప్పుడు బరువు గురించి మాట్లాడండి. ఇక్కడ మోటారు టార్క్‌లో చెప్పుకోదగ్గ భాగం గేర్లని వేగం ఎక్కించడానికే పోతుంది. రెండు పినియన్లూ ఒకేలాంటివి అనుకుని మోటారు షాఫ్టుకి తెచ్చిన జడత్వం లెక్కేస్తే, చెరిసగం పంచినప్పుడు ఒక పినియన్ జడత్వానికి 22 రెట్లు వస్తుంది. మొదటిది 3.05, రెండోది 6.56 పెడితే 15 రెట్లే. ముప్పై శాతం పైగా తగ్గింది. వేగంగా తిరిగే షాఫ్టు మీద పెద్ద చక్రం పెట్టకూడదన్నది సర్వో వాళ్ళందరికీ తెలిసిన సంగతి. పళ్ళచక్రం గారి కొలీగ్ చెప్పింది నూటికి నూరుపాళ్ళు కరెక్టు.

పళ్ళచక్రం
ఇదిగో, ఆఫీసులో గొడవ ఇక్కడికీ వచ్చేసింది.

లెక్కలమాస్టర్
ఆది గారూ, "రెండు పినియన్లూ ఒకేలాంటివి" అన్న దగ్గరే పేచీ. మధ్య షాఫ్టు మీద టార్క్ మూడు రెట్లు దాటినప్పుడు మొదటి పినియన్ సైజుదే అక్కడా పెడతారా? పెడితే రెండోది విరుగుతుంది. లేదా రెండోదానికి సరిపోయేంత పెద్దది మొదటి చోట కూడా పెట్టి, అక్కర్లేని జడత్వాన్ని మోస్తారు. మీ సూత్రం చిన్న ఇన్‌స్ట్రుమెంట్ సర్వోలకి బాగుంటుంది. అక్కడ పళ్ళ మీద లోడు ఉండీ లేనట్టే కాబట్టి అన్ని పినియన్లూ ఒకే కొలతలో చేసేవాళ్ళు.

ప్రతి పినియన్‌నీ దాని టార్క్‌కి తగ్గట్టు, వెడల్పు వ్యాసానికి సమానంగా తీసుకుని మళ్ళీ లెక్కించాను. మోటారుకి తెలిసే సాపేక్ష జడత్వం 3.05 దగ్గర 55. 4.2 దగ్గర 46.8. 4.47 దగ్గర 47.2. 5 దగ్గర 49.7. 5.5 దగ్గర 53.4.

అంటే జడత్వానికి అసలు కనిష్ఠం 4.2 ప్రాంతంలో ఉంది. మీ 3.05 బరువులో 23 శాతం ఎక్కువ తింటూ, జడత్వంలో కూడా 5.5 కంటే వెనకబడింది. ఏ లెక్కన చూసినా ఓడిపోయే డిజైన్ అది.

కోడ్‌కోతి
దీన్నే ఆప్టిమైజేషన్ వాళ్ళు "డామినేటెడ్" అంటారు. 4.2 నుంచి 5.5 దాకా ఉన్నది పరేటో సరిహద్దు. అందులో ఎటు జరిగినా ఒకటి బాగుపడితే ఇంకోటి చెడుతుంది. దాని బయట ఉన్న ఏ నిష్పత్తీ ఎవరికీ ఉపయోగం లేదు. పళ్ళచక్రం బ్రో, నీ బేరం ఆ పరిధి లోపలే.

బేరింగ్‌బాబాయ్
తమాషా ఏమిటంటే పుస్తకం చెప్పిన 4.47 సరిగ్గా ఆ పరిధిలోనే పడింది. బరువులో 3 శాతం, జడత్వంలో 1 శాతం నష్టం, అంతే. తప్పు కారణంతో చెప్పినా జవాబు మాత్రం బాగానే కుదిరింది.

ఆటో_ఆది
అంత తేలిగ్గా ఒప్పుకోను. మీరందరూ గేర్లని నిండు చక్రాలుగా లెక్కేశారు. నిజం గేరుకి మధ్యలో సన్నటి వెబ్ (ఇరుసునీ అంచునీ కలిపే పలక), అందులో బెజ్జాలు ఉంటాయి. పెద్ద గేరుని లోపల ఎంత తొలిచినా అంచు మాత్రం ఉండాల్సిందే. బరువు తగ్గినంతగా జడత్వం తగ్గదు. అప్పుడు 4.2 అక్కడే ఉండదు, జరుగుతుంది.

లెక్కలమాస్టర్
జరగొచ్చు. 3 దాకా మాత్రం రాదు.

నిశ్శబ్దవేట
వెబ్ తొలిచే ముందు నన్నొకసారి అడగండి. పల్చటి వెబ్ గంటలా మోగుతుంది. బరువు కోసం వెబ్ తొలిచి, ఆనక చప్పుడు తగ్గించడానికి హౌసింగ్‌కి పక్కటెముకలు వేసి, తీసిన బరువంతా తిరిగి పెట్టినవాళ్ళని చూశాను.

బేరింగ్‌బాబాయ్
ఇంతకీ మోటారు రోటర్ (లోపల తిరిగే భాగం) జడత్వం ఎంత? అది గేర్లకి పదింతలుంటే ఈ 47కీ 53కీ కొట్టుకోవడం దండగ.

పళ్ళచక్రం
కేటలాగ్ చూశాను బాబాయ్. రోటర్‌దీ గేర్లదీ ఇంచుమించు సమానం.

బేరింగ్‌బాబాయ్
అయితే తేడా సగానికి పలచబడ్డట్టే. 4.2 నుంచి 5 లోపల ఎక్కడైనా పెట్టుకుని, మిగతా బుర్రని చప్పుడు మీద ఖర్చు చెయ్. కస్టమర్ ఫోన్ చేసేది దాని గురించే.

హెలిక్స్‌అక్క
చప్పుడు మాట వచ్చింది కాబట్టి. మొదట మాడ్యూల్ (పంటి సైజు) సంగతి తేల్చుకోండి. పిట్టింగ్ బలం వ్యాసాన్ని బట్టి ఉంటుంది, మాడ్యూల్‌తో దానికి పెద్దగా పని లేదు. పన్ను మొదలు దగ్గర విరగకుండా ఉండటానికి మాత్రం మాడ్యూల్ కావాలి. కాబట్టి అదే వ్యాసంలో మాడ్యూల్ తగ్గించి పళ్ళు పెంచుకుంటూ పోవచ్చు. చప్పుడు తగ్గుతుంది, పళ్ళ మధ్య జారుడు తగ్గి వేడి కూడా తగ్గుతుంది. వంగుడు బలం అంచుకి వచ్చాక ఆగాలి. చాలామంది భయంతో పెద్ద మాడ్యూల్ వేసి 17 పళ్ళ పినియన్ దగ్గర కూర్చుంటారు.

రెండోది హెలిక్స్ కోణం (పళ్ళ ఏటవాలు). మాడ్యూల్ 1.5, వెడల్పు 20 మిల్లీమీటర్లు, కోణం 15 డిగ్రీలు అనుకుంటే ఓవర్‌ల్యాప్ నిష్పత్తి (ఏటవాలు వల్ల ఒకేసారి కలిసి ఉండే పళ్ళ లెక్క) 1.1 దాకా వస్తుంది. ఒకటి దాటితే చాలు, చప్పుడులో తేడా చెవికే తెలుస్తుంది. కోణాన్ని 25కి పెంచితే స్పర్శరేఖ దిశలో అదే బలానికి షాఫ్టుని పక్కకి తోసే బలం దాదాపు 74 శాతం పెరుగుతుంది. గేరు బాగుపడుతుంది, బేరింగు ఏడుస్తుంది.

గ్రీజుచేతులు
పినియన్ అంటేనే అంత. పిట్ట కొంచెం, కూత ఘనం.

బేరింగ్‌బాబాయ్
హెలిక్స్ అక్క మాటకి ఇంకోటి కలుపుతా. మధ్య షాఫ్టు మీద గేరుకీ పినియన్‌కీ హెలిక్స్ ఒకే చేతివాటంలో పెట్టండి, రెండూ కుడివైనా సరే, రెండూ ఎడమవైనా సరే. అప్పుడు రెండు తోపుడు బలాలూ ఎదురెదురుగా వచ్చి కొంతవరకు కొట్టుకుపోతాయి. పినియన్ కోణాన్ని బాగా తగ్గిస్తే పూర్తిగా కూడా రద్దు చెయ్యొచ్చు. నయాపైసా ఖర్చు లేని ఆప్టిమైజేషన్ ఇది. ఏ సాఫ్ట్‌వేరూ తనంతట తాను చెప్పదు, ఎందుకంటే చేతివాటాన్ని వేరియబుల్‌గా ఇవ్వాలని ఎవరికీ తట్టదు.

కోడ్‌కోతి
ఇన్ని లక్ష్యాలుంటే చేత్తో తేలదు. ఎన్‌ఎస్‌జీఏ-2 వాడు బ్రో. దేబ్, ఆయన సహచరులు 2002లో ప్రచురించిన జెనెటిక్ అల్గారిథమ్ (డిజైన్లని తరతరాలుగా మెరుగుపరుస్తూ వెతికేది). బరువు, జడత్వం, చప్పుడు, నష్టం నాలుగూ ఇస్తే సరిహద్దు మొత్తం ఒకేసారి గీసి చేతిలో పెడుతుంది.

ఒకటోతరగతి
పళ్ళ సంఖ్యలు పూర్ణాంకాలు కదా తమ్ముడూ, దానికి జెనెటిక్ ఎందుకు? పినియన్లు 17 నుంచి 30, గేర్లు 60 నుంచి 120 అనుకో. రెండు స్టేజీలకి కలిపి ఏడు లక్షల ముప్పై వేల లోపు కాంబినేషన్లు. మామూలు లాప్‌టాప్ అన్నీ చూసేసి ఇంకేమైనా ఉందా అని అడుగుతుంది.

ఈ రంగంలో ఒక పాత పరీక్ష ఉంది, శాండ్‌గ్రెన్ 1990లో పెట్టింది. నాలుగు గేర్లు, ఒక్కోదానికి 12 నుంచి 60 పళ్ళు, నిష్పత్తి 1/6.931కి వీలైనంత దగ్గరగా రావాలి. దాని మీద ప్రయోగించని అల్గారిథమ్ లేదు, జీవుల తీరు చూసి రాసినవన్నీ: చీమలు, తేనెటీగలు, తోడేళ్ళు, గబ్బిలాలు, అడవి మొత్తం దిగింది. మొత్తం కాంబినేషన్లు 57.65 లక్షలు. నాలుగు ఫర్ లూపులు (అన్నిటినీ వరసగా చూసే కోడ్) రాస్తే 16, 19, 43, 49 అని జవాబు వచ్చేస్తుంది.

గ్రీజుచేతులు
అడవి మొత్తం దిగింది 😂

కోడ్‌కోతి
అన్నా, అది నాలుగు వేరియబుల్స్ సమస్య. ఇక్కడ మాడ్యూల్, వెడల్పు, హెలిక్స్ కోణం, ప్రొఫైల్ షిఫ్ట్ (పళ్ళు కోసేటప్పుడు పనిముట్టుని కాస్త జరపడం), షాఫ్టు వ్యాసాలు కూడా ఉన్నాయి. అవన్నీ కలిస్తే నీ ఫర్ లూపులు తెల్లారేదాకా తిరుగుతాయి.

ఒకటోతరగతి
పళ్ళు, మాడ్యూల్ లూపుల్లో తిప్పు. మాడ్యూల్ ఎలాగూ 1, 1.25, 1.5, 2 అని స్టాండర్డ్ మెట్లలోనే దొరుకుతుంది. ఒక్కో కాంబినేషన్‌కి వెడల్పు, షాఫ్టు నేరుగా బలం సూత్రం నుంచి లెక్కగట్టు. మిగిలే నిజమైన స్వేచ్ఛ ఎంతో అప్పుడు చూడు. మరీ ఎక్కువ మిగిలితే నీ జెనెటిక్ పిలువు, కాదనను.

షాప్‌ఫ్లోర్_సూరి
మీ సాఫ్ట్‌వేర్లు హద్దుల మీద ఎలా కూర్చుంటాయో నేను చెప్తా. గోలిన్‌స్కీ స్పీడ్ రెడ్యూసర్ అని ఒక పాఠ్య సమస్య ఉంది, ఏడు వేరియబుల్స్, పదకొండు నిబంధనలు. అందరికీ బరువు 2994 దగ్గర ఆగుతుంది, పినియన్ పళ్ళు సరిగ్గా 17 దగ్గర. ఎందుకు 17? ఇచ్చిన కింది హద్దు అదే కాబట్టి. 20 డిగ్రీల పూర్తి ఎత్తు పంటికి 17 కంటే తగ్గితే పన్ను మొదలుని హాబ్ (పళ్ళు కోసే పనిముట్టు) తొలిచేస్తుంది. ప్రొఫైల్ షిఫ్ట్ ఇస్తే 13, 14 కూడా హాయిగా కోస్తాం. అంటే సాఫ్ట్‌వేర్ వెతికి కనిపెట్టిందేమీ లేదు, మీరు గీసిన గీత దగ్గరికి వెళ్ళి నిలబడింది.

వెడల్పు సంగతీ అంతే. హద్దు ఇవ్వకపోతే సన్నగా, పొడుగ్గా రోలర్ లాంటి పినియన్ ఇస్తుంది, ఎందుకంటే జడత్వం వ్యాసంతో ఎగబాకుతుంది, వెడల్పుతో మెల్లగా పెరుగుతుంది. కాగితం మీద అద్భుతం. అలాంటిదొకటి మా దగ్గరికి అసెంబ్లీకి వచ్చింది. పళ్ళకి నీలిరంగు రాసి, చేత్తో లోడు పట్టి తిప్పి చూస్తే రంగు చెరిగింది ఒక కొసన వేలెడు మేర. మిగతా వెడల్పంతా పూసిన రంగు పూసినట్టే ఉంది. షాఫ్టు వంగి లోడంతా ఒక మూలకి చేరింది. ఆ పినియన్ వెడల్పులో ముప్పావు వంతు ఊరికే బరువు మోస్తోంది.

పళ్ళచక్రం
సూరి గారూ, వెడల్పుకి హద్దు ఎంత పెడతారు?

షాప్‌ఫ్లోర్_సూరి
పినియన్ రెండు బేరింగుల మధ్య ఉంటే వ్యాసానికి సమానం. కొసన వేలాడుతుంటే అంతకంటే బాగా తక్కువ. మోటారు షాఫ్టు మీద నేరుగా బిగిస్తే వేలాడుతున్నట్టే లెక్క.

కోడ్‌కోతి
బ్రో, స్క్రిప్టులో అన్ని లక్ష్యాలనీ ఎలా కలిపావు? వెయిట్లు ఇచ్చావా?

పళ్ళచక్రం
0.4 బరువు, 0.3 జడత్వం, 0.3 చప్పుడు.

కోడ్‌కోతి
కిలోలకీ డెసిబెల్స్‌కీ కూడిక ఏమిటి బ్రో! ముందు ఒక్కోదాన్నీ దాని కనిష్ఠంతో భాగించు, అప్పుడే పోల్చగలవు. అలా చేసినా సరిహద్దు లోపలికి వంగిన చోట ఉన్న డిజైన్లు ఏ వెయిట్లు ఇచ్చినా దొరకవు. అక్కడ మంచిది ఉన్నా నీకు కనపడదు.

బేరింగ్‌బాబాయ్
వెయిట్లు ఎవరిచ్చారు? 0.4 ఎందుకు, 0.35 ఎందుకు కాదు? ఎవరికీ తెలియదు. ఒక్కటే లక్ష్యం పెట్టుకుని మిగతావి హద్దులుగా మార్చు. "జడత్వం ఇంత దాటకూడదు, బయటి కొలత ఇంతలో ఇమడాలి, ఈ రెండూ కుదిరినవాటిలో చప్పుడు తక్కువది ఇవ్వు." ఇలా అడిగితే మేనేజర్‌కి కూడా అర్థమవుతుంది. 0.3 అంటే ఆయనకేం అర్థమవుతుంది?

హెలిక్స్‌అక్క
బాబాయ్‌తో ఏకీభవిస్తా, కానీ హద్దు ఎక్కడ గీయాలో తెలియాలంటే ముందు సరిహద్దు చూడాలి కదా. ఎంత జడత్వానికి ఎంత బరువు మారకం వస్తుందో మాస్టారి అంకెలు చూశాకే మనకి అర్థమైంది. ముందు గీసి చూసుకుని, ఆ తర్వాత హద్దులు పెట్టుకోవాలి.

ఇంకో గొడవ కూడా అందరూ దాటేశారు. చప్పుడు తగ్గించడానికి పొడుగు పళ్ళు పెట్టి కాంటాక్ట్ నిష్పత్తి (సగటున ఒకేసారి తగిలే పళ్ళ జతలు) 2 దాటిస్తారు. పొడుగు పన్ను అంటే పిచ్ బిందువు (పళ్ళు జారకుండా దొర్లే చోటు) నుంచి దూరంగా కూడా రాపిడి జరుగుతుంది, అంటే నష్టం ఎక్కువ. నష్టం తగ్గాలంటే పొట్టి పళ్ళు కావాలి. అందుకే తక్కువ నష్టం గేర్లు చేసేవాళ్ళు పళ్ళు పొట్టిగా పెట్టి, పోయిన నిశ్శబ్దాన్ని హెలిక్స్ ఓవర్‌ల్యాప్‌తో తిరిగి తెచ్చుకుంటారు. విద్యుత్ కార్లలో ఈ తంటా బాగా తెలుస్తుంది. ఇంజిన్ మోత లేదు కాబట్టి గేరు కూత దాచుకోవడానికి చోటు లేదు.

పళ్ళచక్రం
అందరి మాటలూ విని, ఒకటోతరగతి అన్న చెప్పినట్టు లూపులు తిప్పాను. వజ్రం దొరికింది! మొదటి స్టేజీ 19/88 (పినియన్/గేరు పళ్ళు), రెండోది 22/95. నిష్పత్తి 4.63, 4.32, రెండూ కలిపి కచ్చితంగా 20. దశాంశాలే లేవు. 19కీ 88కీ, 22కీ 95కీ ఉమ్మడి కారణాంకాలు లేవు కాబట్టి ఒకే పన్ను ఒకే పంటిని మళ్ళీ మళ్ళీ కొట్టదు, అరుగుదల అంతటా సమానంగా ఉంటుంది. ఫైనల్ చేసెయ్యనా?

గ్రీజుచేతులు
పార్టీ ఎప్పుడు?

నిశ్శబ్దవేట
ఆగండి, సంతకం పెట్టకండి. 3000 ఆర్‌పీఎం అంటే సెకనుకి 50 చుట్లు. 19 పళ్ళతో మొదటి స్టేజీ మెష్ ఫ్రీక్వెన్సీ (సెకనుకి పళ్ళు ఎన్నిసార్లు కలుస్తాయో ఆ లెక్క) 950 హెర్ట్జ్. మధ్య షాఫ్టు సెకనుకి 10.8 చుట్లు తిరుగుతుంది, 22 పళ్ళతో రెండోది 237.5 హెర్ట్జ్. 237.5ని నాలుగుతో గుణించండి.

పళ్ళచక్రం
950. అయ్యో.

నిశ్శబ్దవేట
సరిగ్గా 950. రెండో స్టేజీ నాలుగో హార్మోనిక్ (నాలుగింతల స్వరం) మొదటి స్టేజీ ప్రాథమిక స్వరం మీద ఎక్కి కూర్చుంటుంది, ఏ స్పీడులోనైనా. రెండూ ఒక గొంతుతో ఊళ వేస్తాయి. గుర్తుపట్టడం తేలికే: మధ్య షాఫ్టు మీద ఉన్న గేరు పళ్ళని పినియన్ పళ్ళతో భాగించండి. 88/22 = 4. అది పూర్ణాంకం కాకూడదు, దగ్గరలో కూడా ఉండకూడదు. మీ లూపులో ఈ నిబంధన ఒక లైను చేర్చండి.

లెక్కలమాస్టర్
అసలు కచ్చితంగా 20 ఎందుకు? సర్వో కదా, కంట్రోలర్‌లో గేరు నిష్పత్తి పళ్ళ సంఖ్యలుగా ఇవ్వొచ్చు. ఒక శాతం వదులు ఇచ్చి చూడండి, ఎన్ని కొత్తవి బయటపడతాయో.

పళ్ళచక్రం
ఇచ్చాను. 19/87, 25/109. మొత్తం 19.964, తేడా 0.18 శాతం. రెండు జతలకీ ఉమ్మడి కారణాంకాలు లేవు. 87/25 = 3.48, పూర్ణాంకానికి దూరం. మొదటి నిష్పత్తి 4.58 కాబట్టి మాస్టారి పరిధిలోనే ఉంది. రెండో పినియన్ 25 పళ్ళు కాబట్టి చప్పుడు కూడా నయం.

షాప్‌ఫ్లోర్_సూరి
109 ప్రధాన సంఖ్య. సీఎన్‌సీ హాబింగ్ మెషీన్ అయితే దానికేం తేడా లేదు. పాత మెషీన్ మీద ఛేంజ్ గేర్లతో (పళ్ళ సంఖ్యని బట్టి మార్చి బిగించేవి) చెయ్యాల్సి వస్తే ఆపరేటర్ మిమ్మల్ని పేరు పెట్టి తిడతాడు. ఎవరు కోస్తారో ముందే కనుక్కోండి. అన్నట్టు రెండో పినియన్ 25 పళ్ళకి పెంచారు కదా, అదే వ్యాసంలో మాడ్యూల్ ఎంత దిగింది? ఎక్కువ టార్క్ మోసే పన్ను అదే, వెనక్కి తిరిగినప్పుడల్లా రెండు వైపులా వంగుతుంది. ఒకవైపే తిరిగే గేరుకి పెట్టే అనుమతి ఒత్తిడి ఇక్కడ పనికిరాదు, సుమారు 0.7తో గుణించి చూడండి.

పళ్ళచక్రం
ఆ 0.7 వెయ్యలేదు సూరి గారూ. ఇప్పుడే వేశాను, రెండో స్టేజీ మాడ్యూల్ ఒక మెట్టు ఎక్కాల్సి వస్తోంది. వ్యాసం పెరిగి పినియన్ వెడల్పు తగ్గించే చోటు వచ్చింది, బరువు కాస్త పెరిగింది. మొదటి స్టేజీ కదల్లేదు.

ఆటో_ఆది
జడత్వం ఎంత పెరిగింది?

పళ్ళచక్రం
రెండో స్టేజీది కదా ఆది గారూ, మోటారు దాకా వచ్చేసరికి నిష్పత్తి వర్గంతో భాగించబడి పలచబడింది. మీ హద్దు దాటలేదు.

ఆటో_ఆది
అలా అయితే నాకు ఓకే. వెబ్ మాత్రం తొలవండి.

నిశ్శబ్దవేట
వెబ్ తొలవొద్దు!

కోడ్‌కోతి
నిశ్శబ్దవేట గారూ, చిన్న డౌటు. 3.48ని రెండుతో గుణిస్తే 6.96. అంటే రెండో స్టేజీ ఏడో హార్మోనిక్, మొదటిదాని రెండో హార్మోనిక్ పక్కపక్కనే ఉన్నట్టు కదా, 1911, 1900 హెర్ట్జ్?

నిశ్శబ్దవేట
ఏడోది చాలా బలహీనం. పళ్ళ కొసలకి టిప్ రిలీఫ్ (కొసని కాస్త చెక్కడం) సరిగ్గా ఇచ్చి గ్రైండ్ చేస్తే అది మైకుకి కూడా అందదు. గ్రైండింగ్ లేకుండా హాబింగ్‌తోనే వదిలేస్తే మాత్రం ఏడోది ఒక్కటే కాదు, అన్నీ వినపడతాయి. పళ్ళచక్రం గారూ, డ్రాయింగులో ఐఎస్ఓ 1328 (గేర్ల కచ్చితత్వ ప్రమాణం) ఏ గ్రేడు రాశారు?